స్వర్ణముఖి ఆ కొసన రాజమహల్, ఈ కొసన మనం

స్వర్ణముఖి ఎక్కడ పుడుతుందని మన హాస్టల్‌లో అడిగితే సగం మంది "కాళహస్తిలో" అంటారు. గుడి పక్కన ఏరు కనిపిస్తుంది కాబట్టి అలా అనుకోవడం సహజమే. నిజానికి ఆ ఏరు ఇంకా పైన చంద్రగిరి వైపు కొండల్లో పుడుతుంది. చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటుకుని మన వాకాడు బ్యారేజికి వచ్చి, ఆ తర్వాత సముద్రంలో కలుస్తుంది. మనం గుడ్డలు ఉతుక్కున్నదీ, ఆదివారాలు వార్డెన్ సారుకు చెప్పకుండా ఈత కొట్టిందీ ఆ ఏటి చివరి నీళ్లలో. మరి మొదటి నీళ్ల దగ్గర ఏముంది? అక్కడ ఒక రాజమహల్ ఉంది.

ఆ రాజమహల్‌నూ దాని తోటనూ చూసి రావాలని సంక్రాంతి సెలవుల తర్వాత ఒక ఆదివారం బయలుదేరాం. పాత విద్యార్థులం ముగ్గురం, ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లు పన్నెండు మంది. నాయుడుపేటలో బస్సు మారి, కాళహస్తి మీదుగా తిరుపతి చేరి, అక్కడి నుంచి మళ్లీ ఇంకో బస్సు. పులిహోర పొట్లాలు, మంచినీళ్ల సీసాలు మా వెంటే తెచ్చుకున్నాం. తిరుపతి దాకా వచ్చి కొండెక్కకుండా పక్కకు పోవడం ఏమిటని బస్సులో ఒక పెద్దాయన అడిగాడు. "చరిత్ర చూడడానికి పోతున్నాం తాతా" అన్నాడు మా ఎనిమిదో తరగతి తమ్ముడు. ఆయన నవ్వి సీటు జరిగి చోటిచ్చాడు.

చంద్రగిరి కోట వెయ్యేళ్ల నాటిదని చెబుతారు. ఇక్కడ సామంతుడుగా ఉన్న సాళువ నరసింహుడే 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయి విజయనగరం పాడైన తర్వాత రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చారు. అంటే మనం హంపీ బొమ్మల్లో చూసే ఆ మహాసామ్రాజ్యం చివరి రోజులు గడిచింది మన ఏటి ఒడ్డున. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చంద్రగిరీ వాకాడూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. కాగితం మీద ఆ ఏడు కలిశాయి గానీ ఏరు మాత్రం ఎప్పటినుంచో కలిపే ఉంచింది.

కోట ద్వారం దాటి కొంత దూరం నడిస్తే, వెనుక బోడి రాళ్ల కొండ, ముందు పచ్చిక, మధ్యలో మూడంతస్తుల రాజమహల్. ముఖం నిండా కమానులు, పైన గుడి గోపురాల్లాంటి శిఖరాలు. కమానులు చూస్తే గోల్కొండ గుర్తొస్తుంది, శిఖరాలు చూస్తే మన గుళ్లు గుర్తొస్తాయి. ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకున్న రాజులు కట్టడాల్లో మాత్రం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఈ మహల్‌కు ఇంకో విశేషం ఉంది. రాయి, ఇటుక, సున్నం తప్ప కట్టుబడిలో కలప వాడలేదు. పైకప్పు మొత్తం కమానుల మీదే నిలబడి ఉంది. మా వాళ్లలో ఒకడి నాయన తాపీమేస్త్రి. వాడు తలెత్తి చాలాసేపు పైకి చూసి, "దూలం లేకుండా ఇంత మేడ ఎట్టా నిలబడిందన్నా?" అన్నాడు. కమానులో రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును పక్క గోడలకు దించుతాయని చెప్పాం. వాడు రెండు చేతుల వేళ్లు ఒకదానికొకటి ఆనించి, నొక్కి చూసుకున్నాడు. అందరికంటే ముందు వాడికే అర్థమయింది.

లోపల ఇప్పుడు పురావస్తు శాఖ వారి ప్రదర్శనశాల ఉంది. రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు, కత్తులు, నాణేలు చూశాం. పై అంతస్తులో దర్బారు హాలు. రాజు కూర్చున్న చోటు ఎక్కడై ఉంటుందని పిల్లలు వెతికారు. పక్కనే రెండంతస్తుల రాణి మహల్ ఉంది. పేరుకు రాణిదే గానీ కింది భాగం గుర్రపుశాలగా ఉండేదని చెబుతారు. గుర్రాల కొట్టానికి కూడా ఇంత మంచి కమానులా అని పిల్లలు నోరు తెరిచారు.

బయటికి వచ్చి తోటలో కూర్చున్నాం. తీరుగా కత్తిరించిన పచ్చిక, నడకదారులు, చెట్లు. ఈ పచ్చిక రాజులనాటిది కాదు, పురావస్తు శాఖ పెంచుతున్నది. ఒకామె కూర్చుని కలుపు తీస్తోంది. యా ఊరు నాయనా అని అడిగింది. వాకాడు అన్నాం. ఆమెకు తెలియలేదు. స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటు అన్నాం. "ఓ, మా ఏరు పొయ్యేది ఆడికేనా!" అంది. తర్వాత మహల్ వైపు చెయ్యి చూపించి, "అది ఊరికే నిలబడి ఉండాది. ఈ గడ్డికే దినామూ నీళ్లు కావల్ల" అంది.

ఆ మాట మమ్మల్ని చాలా దూరం తీసుకుపోయింది. ఎం.ఏ. చరిత్రలో ఐరోపా రాజప్రాసాదాల గురించి ఒక పాఠం ఉంటుంది. పదిహేడో శతాబ్దంలో, అంటే చంద్రగిరి రాజుల చివరి కాలంలోనే, అక్కడ బరోక్ అనే శైలి నడిచింది. రాజు గొప్పతనం చూసినవాడి కళ్లు చెదరాలి, అదే దాని సూత్రం. బంగారు పూత, అద్దాలు, గీత గీసినట్టు సాగే తోటలు, ఎక్కడికక్కడ నీటి చిమ్మెనలు. ఫ్రాన్సులో పారిస్ దగ్గరున్న వర్సాయ్ ప్రాసాదం దానికి పేరుమోసిన ఉదాహరణ. 1623లో అది ఒక వేటవిడిది. పద్నాలుగో లూయీ 1661 నుంచి దాన్ని పెంచుకుంటూ పోయాడు. 1682లో రాజసభ మొత్తాన్ని అక్కడికే మార్చాడు. అద్దాల మందిరం ఒక్కదాంట్లోనే 357 అద్దాలు. తోటను లె నోత్ర్ అనే తోటల నిపుణుడు వేశాడు.

కానీ అంత గొప్ప తోటకు నీళ్లు చాల్లేదు. సెన్ నది నుంచి నీళ్లు పైకి తోడడానికి పద్నాలుగు పెద్ద చక్రాల యంత్రం 1684 నాటికి కట్టారు. అదీ చాల్లేదు. రాజు తోటలో నడుస్తుంటే తోటమాలులు ఈలలు వేసుకుంటూ ఒకరికొకరు కబురు చెప్పుకునేవారు. రాజు వస్తున్న వైపు చిమ్మెనలు తిప్పడం, దాటిపోగానే కట్టేయడం. రాజుకు మాత్రం తోటంతా ఎప్పుడూ నీళ్లు ఎగిసిపడుతున్నట్టే కనపడేది. దూరంలోని యూర్ నది నుంచి కాలువ తవ్వించడానికి వేలమంది సైనికులను పెట్టారు. చాలామంది జ్వరాలతో చచ్చిపోయారు. 1688లో యుద్ధం వచ్చి ఆ పని మధ్యలోనే ఆగిపోయింది.

ఈ ఈలల సంగతి చెప్తుంటే పిల్లలు పడిపడి నవ్వారు. ఇద్దరు లేచి చంద్రగిరి పచ్చిక మీద రాజు లాగా నడిచారు, మిగిలినవాళ్లు ఈలలు వేశారు. కలుపు తీసే ఆమె కూడా నవ్వింది. నవ్వులు ఆగాక తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు మెల్లగా అడిగాడు: "అన్నా, ఈ మహల్ దగ్గర మనోళ్లు ఏం పని చేసుంటారు?"

లోపల చూసిన పలకల్లో మాకు దానికి జవాబు కనపడలేదు. ఏ రాజు, ఏ వంశం, ఏ శైలి అన్నవి ఉన్నాయి. అందుకని మేమే కూర్చుని లెక్క వేశాం. ఇంత సున్నం కావాలంటే బట్టీల్లో కాల్చాలి, గానుగల్లో తిప్పి రుబ్బాలి. ఇంత రాయి కావాలంటే కొండను చీల్చాలి, మోయాలి. గుర్రాలకు జీనులు, కళ్లాలు తోలుతో చేస్తారు. సైనికుడికి చెప్పులు తోలుతో చేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఆయిలు ఇంజనూ కరెంటు మోటారూ రాకముందు బావి నీళ్లు పొలానికైనా తోటకైనా పారాలంటే ఎద్దులు కట్టి కపిల తోలాల్సిందే. ఆ కపిలకు కట్టే బాన తోలుది. తోలును ఊనినవాళ్లు, కుట్టినవాళ్లు, చిరిగితే అతికినవాళ్లు ఎవరు? ఊరికి ఆ చివర ఉంచిన మన తాతలు. వాళ్లు కుట్టిన బాన లేకపోతే రాజు తోటలో పువ్వు పూసేది కాదు, పొలంలో వరి పండేది కాదు. బాన తెచ్చిన నీళ్లు అందరికీ పనికొచ్చాయి. దాన్ని కుట్టిన చెయ్యి మాత్రం బావిని తాకకూడదు.

ఆ పిల్లవాడు, "అయితే ఈ తోటలో మనకీ పాలుంది" అన్నాడు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. యూనివర్సిటీ తరగతి గదిలో కూడా మాకు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

మహల్ వెనుక ఒక చిన్న కొలను ఉంది. దాని గట్టు మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. అక్కడే తమ్ముళ్లకు ఇంకో యాత్ర కథ చెప్పాం. ఇది కట్టుకథ కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ తన జ్ఞాపకాల పుస్తకం 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిన సంగతి. 1934లో ఆయన, ఉద్యమంలోని సహచరులు కలిసి సుమారు ముప్పై మంది ఎల్లోరా గుహలు చూడడానికి బయలుదేరి, దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. అప్పుడు అది నిజాం రాజ్యంలో ఉండేది. ప్రయాణం వల్ల ఒళ్లంతా దుమ్ము. కోట ద్వారం దగ్గరున్న కొలనులో కొందరు మొహం, కాళ్లు కడుక్కున్నారు. అంతే, అంటరానివాళ్లు నీళ్లు మైలపరిచారని గోల లేచింది. జనం పోగయ్యారు, తిట్టారు. చివరికి కోట చూడనిచ్చారు గానీ, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదని షరతు పెట్టి, కనిపెట్టుకుని ఉండడానికి ఆయుధం పట్టిన సిపాయిని వెంట పంపారు. అప్పటికి ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివి డాక్టరేట్లు తీసుకున్నవాడు. మహాద్ చెరువు నీళ్లు తాగి హక్కు చాటి ఏడేళ్లయింది. అయినా కోట చూడడానికి పోతే వెనుక సిపాయి.

చెప్పడం ముగిశాక ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మా ఊళ్లలో మా నాయనమ్మలు పెద్దిళ్ల దొడ్డివాకిలి దాటి లోపలికి పోలేదు. చాటలో గింజలు పోస్తే కొంగు పట్టి తెచ్చుకున్నారు. ముందు వాకిలి లోపల ఏముంటుందో వాళ్లకు తెలియదు. ఈ రోజు మేం రాజు ముందు వాకిలి నుంచే లోపలికి పోయాం. పదిహేనేళ్లలోపు తమ్ముళ్లకు టికెట్టు కూడా లేదు. దర్బారు హాలు మధ్యలో నిలబడ్డాం. మమ్మల్ని ఎవరూ మీ కులమేమిటని అడగలేదు, వెనుక సిపాయి రాలేదు. ఇది దానంతట అది జరిగింది కాదు. రాజ్యాంగం 15వ అధికరణం అందరికీ ఉద్దేశించిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వాడుకోవడంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని చెబుతుంది. దౌలతాబాద్ కొలను దగ్గర అవమానపడ్డ మనిషే ఆ రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడు. అందుకే మహల్ చూడడం మనకు ఉత్త షికారు కాదు. ఎవరో కొట్లాడి తెరిపించిన వాకిట్లో నడవడం.

వర్సాయ్ వాకిలి కూడా అలాగే తెరుచుకుంది. 1789 అక్టోబరు 5న పారిస్ అంగళ్లలోని ఆడవాళ్లు రొట్టె దొరకడం లేదని వానలో నడుచుకుంటూ ఆ ప్రాసాదం మీదికి పోయారు. మరునాడు రాజును వెంటబెట్టుకుని పారిస్‌కు తెచ్చారు. 1837లో అది ప్రదర్శనశాల అయింది. ఈరోజు ఎవరైనా టికెట్టు కొని ఆ అద్దాల్లో తమ మొహం చూసుకోవచ్చు.

ఇక మన ఊరి సంగతి. తమ్ముళ్లూ, ఇది శ్రద్ధగా చదవండి, పరీక్షల్లో కూడా పనికొస్తుంది.

పోటీ పరీక్షల నోట్సులో "ఆర్మగాన్" అనే పేరు వస్తుంది. మచిలీపట్నం నుంచి వచ్చిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1626లో అక్కడ వర్తక స్థావరం పెట్టి, ఫిరంగులు ఎక్కించి కోటలాగా చేసుకున్నారని ఉంటుంది. మనవాళ్లు దాన్ని బట్టీ పడతారు. ఆ ఆర్మగాన్ ఎక్కడో లేదు, మన వాకాడు మండలంలోని దుగరాజపట్నమే. అక్కడి పెద్ద ఆర్ముగం మొదలియారు పేరు మీద ఆ పేరు వచ్చిందని చెబుతారు. సముద్రంలో అక్కడున్న ఇసుక తిన్నెను నావికులు ఈనాటికీ ఆర్మగాన్ పేరుతోనే పిలుస్తారు.

ఆ స్థావరానికి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే, ఇంతకంటే మంచి నూలుబట్ట చౌకగా దొరికే చోటు కోసం దక్షిణానికి వెతుక్కుంటూ పోయాడు. 1639 ఆగస్టు 22న దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసుక నేల మీద అనుమతి సంపాదించాడు. ఆ నాయకుడు విజయనగర రాజుల కింద ఉన్నవాడు. తర్వాత 1645లో శ్రీరంగరాయలు కూడా ఆ దానాన్ని ఖాయం చేశాడు. మద్రాసు దానపత్రం ఈ రాజమహల్‌లోనే ఇచ్చారని చంద్రగిరిలో చెప్పుకుంటారు. 1640లో కంపెనీ వాళ్లు మన తీరం వదిలి అక్కడికి పోయి సెయింట్ జార్జి కోట మొదలుపెట్టారు. దామర్ల నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం వెలిసింది. దానం ఖాయమైన మరుసటి ఏడే, 1646లో, చంద్రగిరి కోట గోల్కొండ వాళ్ల చేతికి పోయింది. రాజ్యం పోయింది గానీ దానం మాత్రం నిలిచింది.

ఒక్కసారి ఆలోచించండి. స్వర్ణముఖి పై కొసన ఉన్న రాజుల మాట వల్ల, కింది కొసన ఉన్న మన రేవు ఖాళీ అయి, మూడో చోట ఒక మహానగరం లేచింది. ఈరోజు మన వాకాడు, కోట, చిట్టమూరు వైపు పిల్లలు పదో తరగతి తప్పితే పనికి పోయేది ఆ చెన్నపట్నానికే. జబ్బు ముదిరితే పోయేదీ అక్కడికే. మన అమ్మలు ఇంకా దాన్ని "పట్నం" అనే అంటారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఓడలు దుగరాజపట్నం ముందు లంగరు వేసేవి. ఇప్పుడు మనమే పట్నం బస్సెక్కుతున్నాం. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో దుగరాజపట్నం దగ్గర పెద్ద ఓడరేవు కడతామని, తొలిదశ 2018 చివరికి పూర్తి చేస్తామని రాశారు. ఆ గడువు దాటింది గానీ ఓడరేవు రాలేదు. కాగితం మీద మాట ఒకప్పుడు మన రేవును ఖాళీ చేసింది. ఇంకోసారి ఆశ పెట్టింది.

తిరుగు ప్రయాణంలో కాళహస్తి వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు పిల్లలందరూ కిటికీల దగ్గరికి జరిగారు. ఏటిలో నీళ్లు సన్నగా ఉన్నాయి. అయినా ఇప్పుడు ఆ ఇసుక వాళ్లకు ఉత్త ఇసుక కాదు. పొద్దున పోయేటప్పుడు ఎవరూ దాని వైపు చూడలేదు.

ఈ వ్యాసం చదివే తమ్ముళ్లకు మా మాట ఇది. చంద్రగిరి తప్పక పోండి. ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో పోండి. పోయినప్పుడు ఫొటోలు దిగండి, కాదనం. కానీ ప్రతి కట్టడం ముందూ మూడు ప్రశ్నలు వేయండి. దీనికి డబ్బు ఎక్కడిది? దీన్ని ఎవరి చేతులు కట్టాయి? దీని నీళ్లు ఎవరు తెచ్చారు? పలక మీద జవాబు లేకపోతే మీరే వెతకండి. మన ఇళ్లలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం మనమే. మన తాతలు చేసిన పనిని చరిత్రగా రాయగలిగిన మొదటి తరం కూడా మనమే. మనం రాయకపోతే ఆ పలకలు అలాగే ఉంటాయి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో చాలామంది టీచర్లుగా, కానిస్టేబుళ్లుగా, బ్యాంకుల్లో, పట్నం కంపెనీల్లో ఉన్నారు. ఏడాదికి ఒక్కసారి హాస్టల్ పిల్లల్ని ఎక్కడికైనా చూడడానికి తీసుకుపోండి. బస్సు చార్జీలు, పులిహోర, అంతకంటే పెద్ద ఖర్చు లేదు. మా పన్నెండు మందిలో ఇద్దరు అప్పుడే ఒక పని మొదలుపెట్టారు. వాళ్ల ఊళ్లలో కపిల తోలిన ముసలివాళ్లు, బాన కుట్టిన ముసలివాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని అడిగి, చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. ఇప్పటికి నాలుగు పేజీలయ్యాయి. వచ్చే ఏడాది సంచికలో వాళ్ల పేజీలకు చోటు ఉంచమని సంపాదకులను కోరుతున్నాం.